అన్నదానం చేద్దామని కాలనీకి పోతే ఆధార్ అడిగారు, ఇప్పుడేం చేయాలి?

కాళహస్తి_కుర్రోడు
మా పాప పుట్టినరోజుకు ఈసారి హోటల్ వద్దు, ఊరి చివర యానాదుల (గిరిజనులు) కాలనీలో భోజనాలు పెడదామని అనుకున్నాం. ఊరి పేరు చెప్పను, శ్రీకాళహస్తికి అరగంట దూరం. ముప్పై ఇళ్ళ లోపే ఉంటాయి. పులిహోర, చికెన్, పిల్లలకు కేకు, పెద్దవాళ్ళకు దుప్పట్లు, అన్నీ మా ఆవిడే దగ్గరుండి సర్దింది. అందరూ తిన్నారు, ఫొటోలు తీసుకున్నాం, బాగానే జరిగింది.

బండి ఎక్కబోతుంటే ఒక ముసలావిడ దుప్పటి చేత్తో పట్టుకొని వచ్చింది. "అన్నం పెట్టినారు సామీ, సల్లంగుండండి. దుప్పట్లు నాకు రెండుండాయి, ఇది ఇంకెవురికన్నా ఇచ్చుకోండి. మా మనవళ్ళకు ఆధారు ఇప్పించేకి అవుతాదా?" అంది. నా నోట మాట రాలేదు.

విషయం ఏమిటంటే ముగ్గురు పిల్లలు, ఆవిడ కూతుళ్ళిద్దరి బిడ్డలు. ముగ్గురూ ఎవరిదో మామిడితోటలో కాపలా గుడిసెలో పుట్టారు. జనన ధృవపత్రం ఎవరికీ లేదు. పెద్దోడికి ఆరేళ్ళు ఉంటాయట. "ఉంటాయట" అని ఎందుకంటున్నానంటే తేదీ ఎవరికీ తెలియదు. చిన్న కూతురికి, అంటే ఒక పిల్లాడి తల్లికి, ఆమెకే ఆధార్ లేదు. ఆధార్ సెంటర్‌కు మూడుసార్లు పోతే బర్త్ సర్టిఫికెట్ తెమ్మన్నారట. బర్త్ సర్టిఫికెట్ కోసం పోతే తల్లి ఆధార్ తెమ్మన్నారట. మూడుసార్లూ కూలి పోయింది.

నేను చూస్తానని మాట ఇచ్చేశాను. కంప్యూటర్ ముందు కూర్చునే పని తప్ప నాకు ఈ ఆఫీసుల వ్యవహారం తెలియదు. రాత్రి నుంచి టెన్షన్‌గా ఉంది. దారి తెలిసినవాళ్ళు చెప్పండి.

అలిపిరి_మెట్టు
దుప్పటి వెనక్కిచ్చిందా! నాకు ఆ ముసలావిడ నచ్చింది.

తోతాపురి
మాది బంగారుపాళ్యం వైపు, తోటలున్నాయి. మా దగ్గరా యానాదులు కాపలా ఉన్నారు. నా అనుభవం చెప్తే కోపాలు రాకూడదు. ఇల్లు ఇచ్చినా ఉండరు, రేషన్ ఇచ్చినా అమ్ముకుంటారు, సాయంత్రమైతే మందు. పండగకు పోయినవాళ్ళు నెలకు గాని తిరిగిరారు. ప్రభుత్వం అన్నీ ఇస్తానే ఉంది, తీసుకోవడం రావాలి కదా. ఆధార్ చేయించండి, తప్పులేదు. ఆర్నెల్ల తర్వాత కార్డు పోగొట్టుకున్నామని మళ్ళీ వస్తారు, చూడండి.

వడ్డీలేని_బాకీ
@తోతాపురి నేను ఇప్పటికి ఆధార్ రెండుసార్లు, పాన్ ఒకసారి, పెళ్ళి ఉంగరం ఒకసారి పోగొట్టుకున్నాను. నన్నూ జాబితాలో కలుపుకోండి.

రిటైర్డ్_మాస్టారు
తోతాపురి గారూ, మీ కాపలాదారులకు తోటలో కరెంటు ఉందా? మరుగుదొడ్డి ఉందా? వాళ్ళ పిల్లలు ఏ బడికి పోతున్నారు? దెప్పడానికి కాదు, నిజంగానే అడుగుతున్నా. ముప్పై నాలుగేళ్ళు పంతులు ఉద్యోగం చేసినవాణ్ణి, అందులో పదకొండేళ్ళు ఏకోపాధ్యాయ పాఠశాలలో.

కుర్రాడు అడిగినదానికి సగం జవాబు నా దగ్గరుంది. ఆరేళ్ళ పిల్లవాడిని బడిలో చేర్చడానికి ఏ కాగితమూ అక్కరలేదు. 2009 విద్యాహక్కు చట్టం, 14వ సెక్షన్: వయసు రుజువు లేదని ఏ పిల్లవాడికీ ప్రవేశం నిరాకరించకూడదు. ముందు రేపే తీసుకుపోయి చేర్పించండి. కాగితాలు తర్వాత చూసుకోవచ్చు.

ఇంకో సంగతి. మా కాలంలో పుట్టిన తేదీ తెలియకపోతే మేమే రాసేవాళ్ళం. బడులు తెరిచే నెల చూసుకొని జూన్ ఒకటో, జూలై ఒకటో. నా పాత రిజిస్టర్లు తీసి చూస్తే ఊరు ఊరంతా జూలై ఒకటిన పుట్టినట్టే ఉంటుంది. ఆ పాపంలో నా వాటా ఉంది.

పుత్తూరు_కట్టు
మా నాయనది కూడా జూలై 1 అండీ. నిజంగా ఎప్పుడు పుట్టినాడో మా అవ్వ చెప్పేది, "శెనక్కాయలు పెరికేటప్పుడు" అని. శెనక్కాయలు ఏ సంవత్సరం పెరకలేదు గనక?

నారాయణవనం_లక్ష్మి
నేను అంగన్‌వాడీలో పనిచేస్తాను. మాస్టారు చెప్పింది నిజమే, చట్టప్రకారం చేర్చుకోవాల్సిందే, చేర్చుకుంటారు కూడా. కానీ ఆధార్ లేకపోతే పిల్లాడి పేరు ఆన్‌లైన్‌లో సరిగ్గా ఎక్కదు. పేరు ఎక్కకపోతే 'తల్లికి వందనం' పథకం డబ్బులు పడవు, పుస్తకాలూ యూనిఫాం లెక్కలో ఉండడు. బడిలో కూర్చుంటాడు గాని "లెక్కలో లేని పిల్లాడు". రెండు నెలలకు వాడికే అర్థమైపోతుంది, మానేస్తాడు.

కుర్రోడు తమ్ముడూ, కాలనీకి దగ్గర్లో అంగన్‌వాడీ ఉంటే అక్కడ అడుగు. ఏఎన్ఎమ్ (టీకాలేసే నర్సమ్మ) దగ్గర టీకాల రిజిస్టరు ఉంటుంది. ఆ పిల్లలకు ఒక్క టీకా పడి ఉన్నా తేదీ, వయసు రాసి ఉంటారు. అదే నీకు మొదటి కాగితం.

కాళహస్తి_కుర్రోడు
లక్ష్మి అక్కా, రేపే అడుగుతా. మాస్టారూ, బడి విషయం కూడా. కానీ వలయం ఎక్కడ తెగుతుందో ఇంకా అర్థం కాలేదు. బర్త్ సర్టిఫికెట్ ముందా, ఆధార్ ముందా?

వడ్డీలేని_బాకీ
గుడ్డు ముందు. కోడికి కూడా ఆధార్ అడుగుతున్నారు.

మీసేవ_మిత్రుడు
పన్నెండేళ్ళుగా కౌంటర్లో ఉన్నా, కాస్త వివరంగా చెప్తాను. పాత సంగతులు కూడా తవ్వుతాను, ఓపిక పట్టండి.

పుట్టిన 21 రోజుల్లోపు నమోదు ఉచితం. నెల దాటితే జిల్లా రిజిస్ట్రార్ అనుమతి కావాలి. ఏడాది దాటిందంటే మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఉండాల్సిందే. 1969 జనన మరణాల నమోదు చట్టంలో ఇది ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ అని ఉండేది. 2023లో సవరించి జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ అన్నారు, అంటే మనకు ఆర్డీవో. కాబట్టి నీ గమ్యం ఆర్డీవో ఆఫీసు. అక్కడికి పోయే దారి ఇది. ముందు పంచాయతీ దగ్గర "ఈ పేరుతో జననం నమోదు కాలేదు" అని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకోవాలి. దానికి టీకాల రిజిస్టరు నకలు, ఊళ్ళో తెలిసినవాళ్ళ సాక్ష్యం, అఫిడవిట్ జోడించి అర్జీ పెట్టాలి. తహసీల్దారు విచారణ జరుగుతుంది, వీఆర్వో వచ్చి అడుగుతాడు. తర్వాత ఉత్తర్వు. దాంతో పంచాయతీలో నమోదు.

ఇప్పుడు తల్లి. పద్దెనిమిది దాటినవాళ్ళకు కొత్త ఆధార్ అన్ని సెంటర్లలో తీయరు, నిర్ణయించిన చోట్లే తీస్తారు. తీశాక కూడా రాష్ట్ర స్థాయిలో పరిశీలనకు పోతుంది. స్లిప్పు మీదే 180 రోజుల దాకా అని ఉంటుంది. ఈలోపు ఆమె రెండోసారి తీయించుకుంటే రిజెక్ట్. ఆమె భర్తకో తల్లికో ఆధార్ ఉంటే కుటుంబ పెద్ద ఆధారంగా పెట్టే పద్ధతి ఉంది, అది అడుగు.

ఒక్క జాగ్రత్త. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టినవాళ్ళకు బర్త్ సర్టిఫికెట్ తప్ప వేరే రుజువు నడవదు. నీ ముగ్గురూ అంతకు ముందే పుట్టి ఉంటే కొంచెం సందు ఉంది. కాలనీలో ఇప్పుడు ఉయ్యాల్లో ఉన్న పిల్లలకు ఆ సందు కూడా లేదు. వాళ్ళవి ఏడాది లోపే నమోదు చేయించండి. అసలు పని అదీ.

అలిపిరి_మెట్టు
ఇంత చెప్పాక కౌంటర్లో మాత్రం "సర్వర్ డౌన్, రేపు రా" అంటారు.

మీసేవ_మిత్రుడు
@అలిపిరి_మెట్టు సర్వర్ నిజంగానే డౌన్ అవుతుందండీ, మా మీద ఒట్టు.

పొగకుండ
ఇక్కడ చాలాసేపటి నుంచి చదువుతున్నా. నేను యానాదినే. సూళ్ళూరుపేట దగ్గర పుట్టాను, తిరుపతిలో ఉద్యోగం. మా తాత ఎలుకలు పట్టేవాడు. కలుగు దగ్గర కుండలో గడ్డి, పిడకలు వేసి నిప్పు పెట్టి, కుండకు చిల్లు చేసి నోటితో ఊదితే పొగంతా కలుగులోకి పోతుంది. నా పేరు దాన్నుంచే పెట్టుకున్నా. పొగ మింగీ మింగీ ఆయన ఛాతీ పోయింది. రైతుకు బస్తాలు మిగిలాయి, మా తాతకు కలుగులో ఎలుక దాచిన వడ్లు మిగిలాయి.

తోతాపురి గారి మాటలు నాకు కొత్త కాదు. "ఉండరు, అమ్ముకుంటారు, తాగుతారు." ఒకటి అడుగుతాను, ఎందుకు ఉండరో ఎప్పుడైనా అడిగారా? మా జేజి వాళ్ళది శ్రీహరికోట. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు, 1971 అక్టోబర్‌లో మొదటి రాకెట్ ఎగిరింది. దేశానికి మంచిదే, నాకూ గర్వమే, ఇస్రో టోపీ నా దగ్గరా ఉంది. కానీ అడవిలో గడ్డలు, తేనె, వాగులో చేప ఇవే బతుకైనవాళ్ళు ఇవతలి ఒడ్డుకొచ్చి ఏం చేస్తారు? చేపల గుంటల దగ్గర కాపలా, తోటల్లో కాపలా. కాపలాదారుకు సొంత అడ్రస్ ఉండదు. అడ్రస్ లేనివాడికి కార్డు రాదు.

ఇంకా వెనక్కి పోతే తెల్లవాళ్ళు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. యానాదుల్లో కొన్ని గుంపుల్ని కూడా ఆ జాబితాలో వేశారు. రాత్రయితే స్టేషన్లో హాజరు. పుట్టుకతోనే దొంగ అని కాగితం రాసిన సర్కారు మాది అనుకునేవాళ్ళం కాదు. 1952 ఆగస్టు 31న అది రద్దయింది. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారు దానికోసం జీవితమంతా తిరిగారు, మా ఇళ్ళల్లో ఆయన పేరు ఇప్పటికీ చెప్తారు. చట్టం పోయింది గాని చూపు పోలేదు. ఊళ్ళో మోటారు పోతే మొదట మా కాలనీకే వస్తారు.

కుర్రోడు అన్నా, ఒక్క మాట. మీరు మంచి మనసుతోనే వెళ్ళారు. కానీ ఫొటోలు ఎక్కడైనా పెట్టారా? పెట్టుంటే తీసేయండి. చేయి చాచిన ఫొటోలో మా పిల్లలు ఎన్నిసార్లు పడ్డారో లెక్కలేదు. బడి గ్రూపు ఫొటోలో మాత్రం పడరు.

కాళహస్తి_కుర్రోడు
పొగకుండ అన్నా, స్టేటస్‌లో పెట్టాను. తీసేశాను. సారీ.

పుత్తూరు_కట్టు
శ్రీకాళహస్తి పేరు వచ్చింది కాబట్టి అంటున్నా. మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలకు అక్కడ మొదటి ధ్వజారోహణం ఎవరికి? కన్నప్ప కొండ మీద కన్నప్పకు. శివుడికి తర్వాత. వేటాడి మాంసం పెట్టినవాడు, పుక్కిట నీళ్ళతో అభిషేకం చేసినవాడు. ఆయనకు కొండెక్కి మొక్కుతాం, ఆయనలాగా వేటాడి బతికేవాళ్ళు ఎదురొస్తే బైకు పక్కకు తిప్పుతాం.

తోతాపురి
అందరూ నా మీద పడ్డారు. నేను వాళ్ళని తక్కువ చేయలేదు, చూసింది చెప్పాను. మాస్టారూ మీరు అడిగినవాటికి జవాబు: కరెంటు ఉంది, సోలార్. మరుగుదొడ్డి లేదు. పిల్లలు బడికి పోవడం లేదు, బడి మూడు కిలోమీటర్లు. నేనేం చేయాలి, బస్సు వేయాలా?

రిటైర్డ్_మాస్టారు
బస్సు వద్దు. మీ పాలవ్యాను పొద్దున్నే ఎటు పోతుంది?

తోతాపురి
మీరు నన్ను వదిలేట్టు లేరు.

వడ్డీలేని_బాకీ
అసలు సంగతి అడ్వాన్సు. దాని గురించి ఎవరూ మాట్లాడరేం? తోటల్లో, ఇటుక బట్టీల్లో, బాతుల మందల దగ్గర ఇరవై వేలు, ముప్పై వేలు చేతికిస్తారు. ఆ డబ్బు తీరేదాకా కుటుంబమంతా అక్కడే. కూలి సగం పట్టుకుంటారు, లెక్క వాళ్ళ పుస్తకంలోనే ఉంటుంది. 2025 మేలో సత్యవేడు వైపు కేసు పేపర్లలో చదివే ఉంటారు. పాతిక వేల అప్పుకు పిల్లాడిని బాతులు మేపడానికి పెట్టుకున్నారు, ఆ పిల్లాడు చనిపోతే తల్లికి చెప్పకుండా పాలారు ఒడ్డున పూడ్చేశారు. దీని మీద జోక్ రాయలేను.

ఆ పిల్లాడు బడి హాజరుపట్టీలో ఉండి, రోజూ ఎవరైనా పేరు పిలిచి ఉంటే, వారంలో "ఎక్కడికి పోయాడు" అని ఒకరైనా అడిగేవారు కదా.

పొగకుండ
@వడ్డీలేని_బాకీ అదే. అందుకే ముసలావిడ దుప్పటి కాదని ఆధార్ అడిగింది.

వెట్టిచాకిరీ 1976లోనే చట్టంతో రద్దయింది. ఆ చట్టం ప్రకారం వెట్టి కింద ఉన్న అప్పు తీర్చనక్కరలేదు, అది చెల్లిపోయినట్టే. ఆర్డీవో విముక్తి పత్రం ఇవ్వాలి. పునరావాస పథకం కింద పెద్ద మగవాళ్ళకు లక్ష, ఆడవాళ్ళకు, పిల్లలకు రెండు లక్షలు. మా వాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. ఎవరైనా చూస్తే పిల్లల విషయంలో 1098కి ఫోన్ చేయండి. ఉచిత న్యాయసాయానికి 15100.

తోతాపురి
నేను కూడా అడ్వాన్సు ఇస్తాను. వాళ్ళే అడుగుతారు, పెళ్ళికో ఆసుపత్రికో. ఇవ్వకపోతే రాతిగుండె అంటారు, ఇస్తే వెట్టి అంటారా?

పొగకుండ
ఇవ్వడం తప్పని ఎవరన్నారు? తీసుకున్నవాడు వేరే తోటకు పోతానంటే పోనిస్తారా లేదా, అదొక్కటే ప్రశ్న. పోనిస్తే అప్పు. పోనివ్వకపోతే వెట్టి.

తోతాపురి
పోనిస్తాను. అంటే, ఇంతవరకు ఎవరూ అడగలేదు.

గంగజాతర_వేషం
ఈ చర్చ యానాదుల గురించి గాని, నేను కూడా ఒక ముక్క కలుపుతా. నేను ట్రాన్స్ మహిళను, తిరుపతి. గంగమ్మ జాతర వారం రోజులు మగవాళ్ళు చీర కడితే వీధంతా హారతి పడుతుంది. ఎనిమిదో రోజు నేను అదే చీర కడితే ఇల్లు అద్దెకివ్వరు. కాగితాల కథ మాదీ ఇదే. 2014లో మమ్మల్ని గుర్తిస్తూ సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2019లో చట్టం వచ్చింది, కలెక్టర్ గుర్తింపు కార్డుకు ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయొచ్చు. అయినా ఇంటి అడ్రస్ కావాలి. అద్దె ఇల్లు దొరకనిదానికి అడ్రస్ ఎక్కడిది? పొగకుండ రాసిన "అడ్రస్ లేనివాడికి కార్డు రాదు" చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

మాకు దారి ఎలా దొరికిందంటే, పెద్దామె ఒకరు మా గుంపులో పదిమందికి ఒకేసారి కాగితాలు పెట్టించింది. ఒంటరిగా పోతే "రేపు రా". పదిమంది ఒకేసారి పోయి వరండాలో కూర్చుంటే అదే రోజు పని. కాలనీ మొత్తాన్ని ఒకేసారి తీసుకుపో కుర్రోడూ, ముగ్గురి కోసం పోకు.

మీసేవ_మిత్రుడు
ఈమె చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంకా మంచిది, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కాలనీ పేరుతో ఒకే అర్జీ పెట్టండి, "మా కాలనీలో ఆధార్ క్యాంపు కావాలి" అని. అర్జీకి నంబరు వస్తుంది. నంబరు ఉంటే కింద ఆఫీసు జవాబు రాయక తప్పదు. మొబైల్ కిట్టు కాలనీకే వస్తే కూలి పోదు.

అలిపిరి_మెట్టు
నాకొక అనుమానం. ఆధార్, సర్టిఫికెట్ అన్నీ వచ్చేస్తే సరిపోతుందా? మా ఊళ్ళో ఎస్టీ కాలనీ వాళ్ళందరికీ కార్డులున్నాయి. అయినా వినాయక చవితి చందా వాళ్ళ దగ్గర అడగరు. "పాపం వాళ్ళెందుకు" అంటారు. చందా అడగకపోతే కమిటీలో ఉండరు, కమిటీలో లేకపోతే మైకు దగ్గరికి రారు. జాలి చూపిస్తూనే బయట నిలబెట్టడం అంటే ఇదే కదా.

పుత్తూరు_కట్టు
అబ్బా, మా ఊళ్ళో కూడా అంతే! ఇప్పటిదాకా మంచితనం అనుకున్నా.

రిటైర్డ్_మాస్టారు
నేను ఉద్యోగంలో చేరినప్పుడు టీ బంకులో రెండు రకాల గ్లాసులు. ఒకటి లోపల, ఒకటి బయట చూరుకు తగిలించి. ఆ బయటి గ్లాసు తాగినవాడే కడగాలి. రాజ్యాంగం వచ్చి ముప్పై ఏళ్ళు దాటినా పోలేదు. ఎవరు తీసేశారో తెలుసా? పేపర్ కప్పు! అంబేడ్కర్ గారికి చేతకానిది పేపర్ కప్పు చేసింది అని మా సహోద్యోగి ఒకాయన జోక్ వేసేవాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే పెళ్ళి భోజనాల దగ్గర పేపర్ కప్పుతో పని జరగదు, పక్కన కూర్చోవాలి.

బడిలో నేను చేసిన ఒక్క మంచి పని చెప్తాను, గొప్పకు కాదు. మధ్యాహ్న భోజనం దగ్గర పిల్లలు వాళ్ళంతట వాళ్ళే కాలనీ పిల్లల్ని వరుస చివర కూర్చోబెట్టేవారు. తిట్టి చూశాను, లాభం లేదు. తర్వాత వడ్డన పని వంతులవారీగా పిల్లలకే ఇచ్చాను, జాబితాలో మొదటి పేరు ఒక యానాది పిల్లది. ఆ పిల్ల గరిటె పట్టుకుంటే గుడ్డు కోసం అందరూ ఆ పిల్ల దగ్గరికే రావాలి. ఇద్దరు తల్లులు వచ్చి గొడవ చేశారు. మూడో వారానికి గొడవ ఆగింది, గుడ్డు ముఖ్యం గనక.

నారాయణవనం_లక్ష్మి
మాస్టారూ, ఈ వంతుల పద్ధతి నేను రేపటి నుంచే మొదలుపెడతా. మా దగ్గర పిల్లలు చిన్నవాళ్ళు, గరిటె మోయలేరు. చిక్కీలు పంచుతారు.

ఆరోగ్యం గురించి ఒక మాట. కాలనీ ఆడవాళ్ళు ప్రసవానికి ఆసుపత్రికి ఎందుకు పోరు అంటే భయం. ఒకామె పోయింది, "ఒళ్ళు వాసన" అని ఆయా అందరి ముందూ అరిచిందట. ఆ మాట కాలనీ మొత్తం పాకింది, తర్వాత ఐదుగురు ఇంట్లోనే కన్నారు. ఐదుగురు పిల్లలకూ సర్టిఫికెట్ లేదు. ఇప్పుడు నేను నొప్పులు మొదలైతే వాళ్ళతోపాటు బండిలో పోతున్నా. పోయినప్పుడు నోరు తెరిచి ఏం మాట్లాడను, పక్కన నిలబడతా. అంతే, ఎవరూ అరవరు.

పొగకుండ
లక్ష్మి అక్కా, దండం. మా అక్కకు మీలాంటివాళ్ళు ఉండుంటే బతికేది.

జాలి సంగతి వచ్చింది గనక: మా దగ్గరున్న విద్య గురించి కూడా ఎవరైనా అడగండి. తమిళనాడులో ఇరులవాళ్ళు పాములు పట్టేవాళ్ళు. 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు, పాముకాటు మందుకు కావలసిన విషం వాళ్ళే తీసిస్తారు. ఆ సంఘం వాళ్ళిద్దరికి 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది. మనవాళ్ళకూ అదే విద్య వచ్చు, మనవాళ్ళను మాత్రం ఇంట్లో పాము దూరితేనే పిలుస్తారు. వందో రెండొందలో ఇచ్చి గేటు దగ్గర నుంచే పంపేస్తారు.

నిర్వాహకుడు
మధ్యలో రిజర్వేషన్ల మీద వచ్చిన పద్నాలుగు పోస్టులు తీసేశాను. దానికి వేరే చర్చ ఉంది, అక్కడికి పోయి కొట్టుకోండి.

కాళహస్తి_కుర్రోడు
ఐదు వారాల తర్వాత వస్తున్నా, మన్నించండి. జరిగింది చెప్తాను.

పెద్దోడు బడిలో చేరాడు. హెడ్మాస్టరు మొదట "ఆధార్ వచ్చాక రండి" అన్నాడు. 14వ సెక్షన్ ఫోన్లో చూపించాను, మాస్టారి పోస్టు కూడా చదివి వినిపించాను. నవ్వి రాసుకున్నాడు.

కాలనీ మొత్తానికి ఒకే అర్జీ పెట్టాం. నేను రాయలేదు. కాలనీలో పదో తరగతి దాకా చదివిన అమ్మాయి ఒకతె ఉంది, ఆమే రాసింది. మేమంతా కలిసి పంతొమ్మిది మంది పోయాం, గంగజాతర అక్క చెప్పినట్టు వరండాలో కూర్చున్నాం. ఎవరూ పొమ్మనలేదు. వచ్చే నెల క్యాంపు అన్నారు.

కష్టమంతా పుట్టిన తేదీల దగ్గర వచ్చింది. వీఆర్వో "ఏదో ఒకటి, జనవరి ఒకటి వేసేద్దాం, ముగ్గురికీ" అన్నాడు. ముసలావిడ ఒప్పుకోలేదు! "ముగ్గురూ ఒగ దినమే ఎట్ల పుడతారు సామీ, ఇద్దురు తల్లులకు?" అని అడిగేసరికి ఆయనకే నవ్వొచ్చింది.

అప్పుడు కూర్చొని ఒక్కొక్కటే తవ్వాం. చిన్నవాడు "రాయలచెరువు తెగుతాదని ఊర్లు ఖాళీ చేయించిన వారంలో" పుట్టాడట. అది 2021 నవంబర్, మనందరికీ గుర్తే. టీకాల రిజిస్టరులో కూడా వాడి మొదటి సూది డిసెంబర్‌లో ఉంది, లక్ష్మి అక్క చెప్పినట్టే దొరికింది.

పెద్దోడి సంగతి వినండి. "పట్టపగులు రాకెట్టు పోయినాది, చందమామ కాడికి. ఆ పొగ ఇంకా పైనుండంగానే నొప్పులు వచ్చినాయి" అంది. చంద్రయాన్ రెండు! 2019 జూలై 22, మధ్యాహ్నం 2.43. వీఆర్వో, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఫోన్లో తీసి చూపిస్తే "అదే, అదే పొగ" అంది. అఫిడవిట్‌లో ఆ తేదీనే రాశాం.

పొగకుండ
రాకెట్టా. మా జేజి ఉండుంటే ఈ మాట చెప్పేవాణ్ణి.

వడ్డీలేని_బాకీ
నా పుట్టినరోజు కూడా జనవరి 1. ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకున్నా, ఇప్పుడు మా అమ్మను అడగాలి.

రిటైర్డ్_మాస్టారు
జూలై 22. హాజరుపట్టీలో రాయించారా?

కాళహస్తి_కుర్రోడు
రాయించాం మాస్టారూ. నడిపివాడిది మాత్రం ఇంకా తేలలేదు. లాక్‌డౌన్‌లో పుట్టాడని అందరూ అంటారు, మొదట్లోనా చివర్లోనా అని తల్లి, మేనమామ కొట్లాడుకుంటున్నారు. రోడ్ల మీద పోలీసులు లాఠీలతో ఉన్నారంటుంది తల్లి, మద్యం షాపులు తెరిచాకే అంటాడు మేనమామ.

పుత్తూరు_కట్టు
మేనమామ మాట నమ్మొచ్చు. ఆ తేదీ మగవాళ్ళు మరిచిపోరు.

తోతాపురి
మా తోట దగ్గర ఇద్దరు పిల్లలున్నారు. పాలవ్యానులో పంపిస్తున్నా, పది రోజులైంది. మాస్టారూ, ఇంక మరుగుదొడ్డి గురించి అడగొద్దు, మేస్త్రీతో మాట్లాడినాను. ఒక డౌట్: ఆ పిల్లల తండ్రికి బట్టీ పనిలో వేలిముద్రలు అరిగిపోయాయి, రేషన్ షాపులో పడటం లేదు. కన్ను పెట్టి తీసుకోవచ్చంటారు, నిజమేనా?

మీసేవ_మిత్రుడు
నిజమే, ఐరిస్ స్కానర్ ఉన్న చోట నడుస్తుంది. ముందు ఆధార్ సెంటర్లో ఒకసారి బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించండి, కన్ను కూడా కొత్తగా తీయమనండి. పోయేటప్పుడు రేషన్ కార్డు మర్చిపోవద్దు. మీది కాదు, ఆయనది.